బారు తీరిన తుంగ

ఇలా దగ్గరికి జరగండమ్మా, ఆ వెనకున్నవాళ్ళూ ముందుకు రండి. బట్టలు కుట్టి కుట్టి చూపు మందగించిన ఒక దర్జీ అక్కగారు ఉండేది. పెనిమిటి పోయాక అడవైపోయిన ఆమె పెరట్లో ప్రతి మంగళవారం ఒక తోటమాలి వచ్చి కలుపు తీసేవాడు. ఎల్లుండి ఆ పెరడంతా రాతిపలకలు పరిచేస్తారు, ఇక అతనితో పని ఉండదు. ఆ ఆఖరి మంగళవారం ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, నా ముక్క ఒక్కటీ కలపకుండా చెబుతాను.

"అక్కగారూ, ఈ తుంగ ఎవరు నాటారు?"

"తుంగని ఎవరైనా నాటుతారా తమ్ముడూ? టీ చల్లారిపోతోంది, తాగు."

"తాగుతా. ముందిది చెప్పండి."

"చెప్పడానికేముంది, వానకి మొలిచుంటుంది."

"వాన పడి ఇరవై రోజులైంది."

"అయితే మంచుకి మొలిచుంటుంది. అబ్బ, పోలీసులా అడుగుతావేమిటి! పంచదార సరిపోయిందా?"

"సరిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని ఇటు రండి. తనంతట తను మొలిచిన తుంగ చెదురుమదురుగా ఉంటుంది, చంటిపిల్ల మెతుకులు చిమ్మినట్టు. ఇది చూడండి. జానెడుకొకటి. గోడ వెంబడి ఒక బారు, కుళాయి దగ్గర మలుపు తిరిగి ఇంకో బారు. అంచు కుట్టినట్టుంది."

"ఊఁ."

"అక్కగారూ..."

"కుళాయి దగ్గర కాస్త వంకర పోయింది కదూ?"

"అంటే?"

"చూపు ఆనడంలేదు తమ్ముడూ. ఒకప్పుడు నా కుట్టు గీత గీసినట్టుండేది."

"అంటే మీరేనా? నేను పీకి పోతుంటే వెనకాలే మీరు..."

"అరవకు, పక్కింటావిడ వింటుంది."

"ఇంత తుంగ ఎక్కడ్నుంచి తెచ్చారండీ?"

"గోడ అవతల ఖాళీ జాగా లేదూ? స్పూనుతో తవ్వుకొచ్చా, గడ్డతో సహా. గడ్డ ఉంటే చాలు మళ్ళీ లేస్తుందని నువ్వే కదా చెప్పావు."

"అది పీకడానికి చెప్పానండీ!"

"నేర్చిన విద్య, ఎటైనా పనికొస్తుంది."

"నవ్వించకండి, టీ ఒలుకుతుంది. ఎందుకక్కగారూ ఇదంతా?"

"కిందటి నెల మా చెల్లెలు వచ్చినప్పుడు, ఇక అయిపోవచ్చిందండీ అన్నావు కదా దానితో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే స్పూను పట్టుకున్నా."

"మరి ఆవిడేమో మళ్ళీ వచ్చి చూసి..."

"ఇంకా కలుపేనా, వాడు పని రానివాడు, పలకలు పరిపించేస్తే పీడా పోతుంది అంది. నా సూది నా వేలికే గుచ్చుకుంది. దాన్ని అనకూడదు, నేను జారిపడతానని దాని భయం."

"ఎందుకు నాటారో ఇంకా చెప్పలేదు."

"ఏం చెప్పను? సోమవారం పొద్దు వాలేసరికే రెండో కప్పు కడిగి పెడతాను. మిగతా ఆరు రోజులూ అది అలమరలో బోర్లాపడి ఉంటుంది. కలుపు లేకపోతే నువ్వెందుకొస్తావు?"

"ఎల్లుండే కదూ పలకలు పరిచేది?"

"అవును. కోపమొచ్చిందా?"

"పలకలు వద్దని చెప్పండి మీ చెల్లెలికి."

"ఏ మొహం పెట్టుకుని?"

"పెరడంతా రాయి కప్పేస్తే వాననీరు ఇంకక, గోడ మొదట్లో నిలిచి వంటింట్లోకి చెమ్మ ఎక్కుతుందనండి. అబద్ధం కాదు. మీ నడకకి మధ్యలో రెండడుగుల దారి వేద్దాం, గరుకురాయితో. జారదు. పట్టుకోడానికి పక్కన కమ్మీ. మిగతా నేల మీద అట్టలు పరిచి, పైన ఎండాకు మందంగా కప్పుదాం. తుంగకి వెలుతురు అందదు."

"అందకపోతే చచ్చిపోతుందిగా?"

"అంత తొందరగా చస్తుందా అది! ఈలోగా ఇటుకలు పేర్చి నడుమెత్తున మడులు కడదాం. మీరు వంగక్కర్లేదు. ఎండ పడేచోట టమాటా, కుళాయి పక్కన పుదీనా."

"పుదీనాకి ఎన్నాళ్ళకోసారి రావాలి నువ్వు?"

"వారానికి రెండుసార్లు. కనిపెట్టుకుని ఉండకపోతే ఇల్లెక్కేస్తుంది."

"మంగళవారం కాక ఇంకోటి కూడానా?"

"శుక్రవారం."

"మీ ఇంట్లో ఏమీ అనుకోరూ?"

"మా ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. అదీ నేను తిప్పితేనే."

"ఇన్ని నెలల్లో ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు. టీ ఇంకా ఉందా?"

"ఉంది, ఇదిగో. ఒకటి అడుగుతా, దాచకుండా చెప్పు. పక్కింటివాళ్ళ తుంగ రెండు వారాల్లో మాయం చేశావట. నేను నాటింది ఈ నెల రోజులేగా. అంతకుముందు ఏడు నెలలు మన పెరట్లో ఎందుకు పోలేదు?"

"ఇప్పుడదెందుకు లెండి."

"ఎందుకో చెప్పు."

"చెప్పాలా?"

"చెప్పాలి."

"నేను పని రానివాణ్ణి కాదక్కా. మీరు టీ పెట్టడానికి లోపలికెళ్ళే వేళ చూసి, పైన ఆకులు మాత్రం తెంపి కుప్ప పోసేవాణ్ణి. గడ్డ ఒక్కటంటే ఒక్కటి పైకి తీస్తే ఒట్టు."

అదమ్మా సంగతి. మరిచిపోకండేం. అలమరలో రెండో కప్పు బోర్లాపడి ఉన్న ఇల్లు ఎక్కడైనా మీ కంటపడితే, లోపలికెళ్ళి కూర్చుని, ఈ తుంగ ముచ్చట మొదటినుంచీ చెప్పి రండి.