ఏడవడం నువ్వు ఎంచుకున్నావు

ఆ రోజు ఇంట్లో ముగ్గురమే ఉన్నాం. గదిలో అమ్మ, కౌన్సెలింగ్ శిక్షణలో ఆనాటి క్లాసు ముగించుకుని వచ్చిన నాన్న, గుమ్మం బయట ఉతికిన బట్టలు మడతపెడుతూ నేను.

“నిన్నెవరూ ఏడిపించలేదు. ఏడవడం నువ్వే ఎంచుకున్నావు.”

“నెల రోజులు నాతో మాట మానేశారు. మరి అదెవరు ఎంచుకున్నారండీ?”

“నేనే. కాదన్నానా? ఎవరి ప్రవర్తన వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. చెప్పు, నీకేం కావాలి?”

“మీరు మునుపటిలా మాట్లాడితే చాలు.”

“అది నా చేతుల్లోది. దానికోసం నువ్వేం చేస్తున్నావు?”

“వండి పెడుతున్నా. మీ చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నా. మీ మొహంకేసి చూస్తూ కూర్చుంటున్నా.”

“ఫలితం ఉందా?”

“లేదు.”

“మరి పద్ధతి మార్చుకో. రేపు క్లాసులో నీ సంగతే ఉదాహరణగా చెప్తా, భలే కుదిరింది.”

“సరే, మార్చుకుంటున్నా. ఇప్పుడే మా అన్నయ్య దగ్గరికి వెళ్లిపోతున్నా.”

“బెదిరింపా? మరి పిల్ల?”

“మీ దగ్గరే ఉంటుంది. అది నా వెంట ఉంటే, దాని వంకతో మీరొస్తే మీ మొహం మళ్లీ చూడాలి. చూడకూడదని ఎంచుకున్నా.”

“అమ్మా, నేనూ వస్తాను,” అన్నాను గుమ్మంలోంచి.

అమ్మ వచ్చింది. నేను మడతపెట్టిన బట్టల్లోంచి తన చీరలు మాత్రం ఏరుకుని, సర్దుకోవడానికి లోపలికెళ్లి తలుపు మూసేసింది.