మలుపులో చప్పుడు

మెకానిక్ షెడ్డులో పాత కారు జాకీల మీద ఉంది. దాని కింద బావమరిది, పక్కన నిలబడి బావ. అక్క గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది.

"కారు కింద దూరి గొణక్కురా. బయటికొచ్చి మొహం చూపించి మాట్లాడు."

"గొణగడమేంటి బావా, అరుస్తుంటే! గ్రీజంతా చక్రం లోపలికి చిమ్మింది అంటున్నా."

"మనిషి కనపడకుండా మాట వస్తే దాన్ని ఆకాశవాణి అంటారు. దానికి నేను జవాబు చెప్పను."

"ఇదిగో, వచ్చా. కనపడుతున్నానా? ఈ యాక్సిల్ బూట్లు చూడు. ఈ రబ్బరు తొడుగులే. రెండువైపులా చిరిగిపోయాయి. లోపల తిరిగే జాయింటుకి ఇది చొక్కా లాంటిది. చొక్కా చిరిగితే గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి."

"అయితే చొక్కా మార్చు. మనిషిని మార్చకు."

"లోపలి మనిషి బాగుంటే చొక్కాతోనే పోతుంది. కొత్త యాక్సిల్ వేయించుకోమని నేనూ అనను. ఈ కారు తిరిగిన దూరానికి పింఛను ఇవ్వాలిగానీ కొత్త సామాను కాదు."

"అదీ మాట! రబ్బరుతో సరిపెట్టేయ్. రేపు పొద్దున బడిపిల్లల ట్రిప్పుంది. ఇది ఒక్కరోజు ఆగితే ఇల్లే ఆగుతుంది."

"ఒక్కటి చెప్పు బావా. మలుపు తిరిగేటప్పుడు చక్రం దగ్గర టకటకమంటోందా?"

"లేదు."

"బాగా ఆలోచించి చెప్పు. అంటోందంటే లోపల బంతులు అరిగిపోయినట్టే. అప్పుడు కొత్త బూటు తొడిగినా శవానికి సింగారమే, జాయింటుతో సహా యాక్సిలే మార్చాలి."

"లేదన్నానా? మీ అక్కనడుగు, రోజూ నా పక్కనే కూర్చుంటుంది."

"అక్కా?"

"లేదురా, లేదు. ఏ చప్పుడూ లేదు. మీ బావ చెప్పారుగా."

"నువ్వు విన్నావా అని అడుగుతున్నా."

"విన్నా. లేదు. బూట్లు మార్చి పంపించెయ్."

"సరే, కారు దించుతున్నా. వెనక ఖాళీ స్థలంలో ఒక్క చుట్టు తిప్పి చూద్దాం. బావా, నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుని వింటా. అక్కా, నువ్వూ ఎక్కు."

"నేనెందుకు?"

"కారులో బరువుండాలి."

"అక్కని ఇసుక బస్తాని చేశావా? సరే, ముందు సీట్లో నేను కూర్చుంటా."

"చక్రం చప్పుడు ముందే బాగా వినపడుతుందక్కా. నువ్వు వెనక కూర్చో."

"ఆయన పక్కన నేను లేకపోతే..."

"ఖాళీ స్థలమే కదా, ఎవరెత్తుకుపోతారు మీ ఆయన్ని? ఎక్కు."

కారు గుండ్రంగా తిరుగుతోంది. బావ చూపు కాసేపు బావమరిది మొహం మీద, కాసేపు వెనక అద్దం మీద.

"కుడివైపు పూర్తిగా తిప్పు బావా. ఇంకా... ఇంకా... అదిగో! విన్నావా?"

"ఏది?"

"మళ్ళీ! టక్ టక్ టక్..."

"అది నీ నోట్లోంచి వస్తోంది, చక్రంలోంచి కాదు."

"అయ్యో బావా! అక్కా, నువ్వైనా చెప్పు."

"నాకేం వినపడలేదు. బయట గాలి హోరు."

"అద్దాలన్నీ ఎక్కించే ఉన్నాయి కదక్కా!"

"వినపడలేదంటే వినవేం? ఇక చాల్లే, ఆపమను."

"ఆపాను. ఇంక దాచకుండా చెప్పరా బామ్మర్దీ, నాకు యాక్సిల్ అంటగట్టాలని చూస్తున్నావా?"

"బావా!"

"బయటివాడు చేశాడంటే వాడి పొట్ట వాడిది. ఇంటివాడివి, నువ్వు కూడానా?"

"ఇంటివాణ్ణి కాబట్టే చెబుతున్నా. ఆ చప్పుడు ఆ గోడ అవతలివాడికి కూడా వినపడుతుంది. ఎవరికైనా... ఎవరికైనా వినపడుతుంది బావా."

"నాకు వినపడలేదు. అయిపోయింది. బూట్లు నేనే కొనుక్కొస్తా, నువ్వు తొడుగు చాలు. దిగుతున్నా."

"కోప్పడకు బావా, ఆగు. బావా! అటు రోడ్డు మీదికి... బావా, సైకిలు! సైకిలు!"

"కేకలెయ్యకురా తమ్ముడూ."

"వాడు బెల్లు మోగిస్తూనే ఉన్నాడక్కా, బావ తిరిగి చూడటం లేదు!"

"తప్పుకుని పోయాడులే. పోయాడు. దేవుడున్నాడు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏంటి ఎన్నాళ్ళ నుంచి?"

"నాకు తెలీదనుకోకు అక్కా. బావ చెవులు."

"ఏడాది పైనే అయింది. చిన్నగా మొదలై... ఇప్పుడు మొహం చూస్తే తప్ప మాట అందటం లేదు."

"బావకి తెలుసా?"

"లోకమంతా గొణగడం నేర్చుకుందనుకుంటారు."

"మరి నువ్వు చెప్పొద్దూ?"

"ఏమని చెప్పను? స్టీరింగు లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలియని మనిషి. ఈ మాట విన్న రోజునే మంచం పడతారు."

"అందుకేనా ప్రతి ట్రిప్పుకీ నువ్వు బయల్దేరేది? పిల్లలంటే ప్రేమనుకున్నా."

"ప్రేమా ఉందిలే. వెనక లారీ హారను కొడితే మోచేత్తో పొడుస్తా. పక్కకి జరగాలంటే గిల్లుతా. ఈ వయసులో ఇదేం సరసమే అంటారు."

"నవ్వించకు. కారు నిండా పిల్లలు!"

"తెలుసురా! తెలిసే రోజూ దణ్ణం పెట్టుకుని ఎక్కుతున్నా. ఒక జత చెవులతో ఇద్దరూ సరిపెట్టుకోండి అన్నాడేమో దేవుడు, అనుకున్నా. అలా అనుకోవడం తప్పా?"

"దేవుడి మాట నాకు తెలీదు, జాయింటు మాట చెప్పు. ఆ చప్పుడు ఎప్పట్నించి?"

"పోయిన నెల నుంచి. చేతికి ఏదో తేడాగా తగులుతోంది, చప్పుడేమైనా వస్తోందా అని ఆయనే అడిగారు."

"నువ్వు?"

"లేదన్నా."

"ఎందుకక్కా!"

"ఉందంటే, మరి నాకెందుకు వినపడలేదని అడగరూ?"

"అప్పుడే తెచ్చుంటే రబ్బరుతో, గుప్పెడు గ్రీజుతో పోయేది. కుడికి తిప్పితే బరువు పడేది ఎడమ చక్రం మీదే, ఇప్పుడు ఆ ఎడమ జాయింటు పూర్తిగా పోయింది. కుడిది ఒక్కటే మిగిలింది."

"అయితే గ్రీజు బాగా దట్టించి బూట్లు తొడిగెయ్. కొన్నాళ్ళు చప్పుడు అణిగి ఉంటుందా, ఉండదా?"

"ఉంటుంది. తర్వాత ఏదో ఒక మలుపులో జాయింటు ఊడి కారు నడిరోడ్డున నిలబడిపోతుంది. వెనక లారీ వస్తుంటుంది. అప్పుడెవర్ని గిల్లుతావు?"

"శుభం పలకరా!"

"నేను తొడగను. జాయింటు సంగతి అటుంచు, బావ ఇంక పిల్లల్ని ఎక్కించుకోకూడదు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నా నోట రాదు. నువ్వే... మెల్లిగా చెప్పు."

"మెల్లిగా చెబితే వినపడదు కదక్కా."

"ఊరుకో. వస్తున్నారు. కళ్ళు తుడుచుకోనీ."

"ఏంటి, అక్కాతమ్ముళ్ళు మొహాలు వేలాడేశారు? ఇదిగో, అందుకో. రెండు చేతులా పట్టుకో, బరువుంది."

"ఇది... బావా, ఇది యాక్సిల్! బూట్లకి కదా వెళ్ళావు?"

"రోడ్డు అవతల పాత సామాన్ల కొట్టులో దొరికింది. వెనక భాగానికి దెబ్బ తగిలిన కారుదిట, ముందు భాగమంతా గట్టిగానే ఉంది. జాయింటు చేత్తో తిప్పి చూశా, బిగువుగా ఉంది. ఎడమవైపు ఇది వెయ్యి. కుడివైపు బూటు చాలు. ఇదిగో బూటు, ఇదిగో గ్రీజు."

"ఇందాక నన్ను అన్నన్ని మాటలన్నావు!"

"అన్నాను. నోటి దురుసు, మనసులో పెట్టుకోకు. ఈ తాళాలు కూడా నీ దగ్గరే ఉంచు."

"తాళాలెందుకండీ? రేపటికి కారు తయారవుతుందిగా?"

"కారు తయారవుతుందే. నేను కాను. రేపటి నుంచి మన కారు తీసుకుని కొట్టువాడి తమ్ముడు వెళ్తాడు. మాట్లాడొచ్చాను."

"ఏవండీ..."

"ఉండక్కా. బావా, ఇటు నా మొహం చూడు. నీకా చప్పుడు వినపడిందా?"

"నాకెక్కడ వినపడుతుందిరా? రోజూ మీ అక్క పక్కన కూర్చుంటుంది, నేను రోడ్డు చూసుకుంటాను. ఇవాళ వెనక కూర్చుంది, అద్దంలో కనపడింది. నేను కుడికి తిప్పినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకుంది."