దబ్బనం పట్టిన చేత ఊలు బంతి

కరెంటు లేక టీవీ రాదు గదా, ఏం జూస్తున్నవ్ అల్లుడా, గా టీవీ మీది గుడ్డనా? ముట్టుకొని జూడు, ఏం గాదు. మా వదిన తారాబాయి అల్లింది గది. గీ ఆర్మూర్ల ఎనభై అయిదు, ఎనభై ఆరుల ఎవరింట్లకు టీవీ వచ్చినా, టీవీ కంటె ముందుగాల దాని మీద కప్పే గుడ్డ కోసం మా వదిన తానికి వచ్చెటోళ్లు. క్రోషా అంటరు సూడు, చిన్న కొక్కెం సూది, ఊలు దారం, గంతే సామాను. చేతులు అల్లుతుండేవి, నోరు ముచ్చట పెడుతుండేది. రెండిట్ల ఏది ముందు అలుస్తదో అని మా అన్న లక్ష్మీనర్సయ్య కూసొని చూస్తుండె. ఎప్పుడైనా చేతులే అలుస్తుండె. మరి నేనంటవా? నేను గప్పుడు పసుపు మార్కెట్ల సంచులు కుట్టెటోణ్ణి. దబ్బనం తెల్వదా నీకు? గోనెసంచి మూతి కుట్టే సూది, జానెడుంటది. ఏడో తరగతి దాక సదివిన. ఎనిమిదో తరగతి నన్ను జూసి భయపడ్డదో, దాన్ని జూసి నేనే భయపడ్డనో యాదికి లేదు. కానీ సంచి కుట్టుడుల మొనగాణ్ణని చెప్పుకుంట తిరుగుతుంటి. ఇంకెవరు చెప్పకపోదురు మరి, నేనే చెప్పుకోవాలె.

ఏడున్న? ఆఁ, ఎనభై తొమ్మిది. గా యేడు వదినకు పచ్చవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపొయ్యినయ్, నోరు జర వంకరైంది. డాక్టర్ సాబ్ ఏమన్నడంటే, "మాట మొత్తం పోలేదమ్మా, వంకరొచ్చినా సరే మాట్లాడుకుంట ఉండు, మాట్లాడకపోతే ఉన్నది సుత పోతది" అన్నడు. ఇంటికి తెచ్చినంక ఓ దినం మంచినీళ్లు అడగబొయ్యింది. మాట నోట్లనే మెలిక పడ్డది. చూడవచ్చిన వాడకట్టామె ఒకామె నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. వదిన జూసింది. ఇగ గంతే. గా దినం మూసిన నోరు నాలుగు నెలలు తెరువలె. అట్లాంటి నోరు! మా అన్న బతిమాలిండు, దేవుళ్లకు మొక్కిండు. మొగని పేరు నోటితోని అనని కాలం గదా అది, అయినా పొద్దుగాల లేసి మంచం పక్కన కూసొని, "తారా, ఎవ్వలు ఏమనరు, నా పేరే పెట్టి పిలువు, ఒక్కసారి పిలువు" అంటుండె. ఆమె గోడ దిక్కు మర్లుతుండె. అన్న బయటికొచ్చి చెంబు తోముతుండె. తోమిన చెంబే మల్ల తోముతుండె.

గిసుంట టైముల గంగాకిషన్ దిగిండు. నా దోస్తు, బాల్కొండ దిక్కోడు, దుబాయిల పనిజేస్తుండె, సుట్టీ మీద వచ్చిండు. జేబుల కెళ్లి నిమ్మకాయ కంటె జర పెద్దది ఊలు బంతి తీసిండు. లోపల గింజలు పోసి అల్లిన్రు, మెత్తగున్నది. చేత్తోని ముట్టద్దట, కింద పడనియ్యద్దట, పాదంతోని మోకాలుతోని తన్నుకుంట గాలిలనే ఉంచాలెనట. దుబాయిల వాని క్యాంపుల తోటి పనోడు చేత్తోని అల్లి ఇచ్చిండట. మార్కెట్ల పని లేనప్పుడు అయిదారుగురం గుండ్రంగ నిలవడి తన్నుతుంటిమి. అందరు మెల్లగ తన్నుతరు. నేను మొనగాణ్ణాయె! ఒక్కటి గుంజి తన్నిన. పొయ్యి కాంటా తాన మూతి తెరిచున్న పసుపు సంచులల్ల పడ్డది. ఎందుల పడ్డదో ఎవ్వనికి తెల్వది. నేను ఒక్కొక్క సంచిల చెయ్యి పెట్టి దేవులాడుతున్న, అటు దిక్కు లారీ డ్రైవర్ హారన్ కొడుతున్నడు, సేటు "ఏమ్రా భూమేశ్, సంచులల్ల ఈత కొడుతున్నవా?" అని ఒర్లుతున్నడు. గా కంగారుల నా చేతులు వాటంతటవే దబ్బనం తీసి అన్ని మూతులు కుట్టేసినయ్. మస్తు గట్టిగ కుట్టిన. బంతి సంచులతోని లారీ ఎక్కి మహారాష్ట్రల సాంగ్లీ మార్కెట్‌కు పొయ్యింది.

గంగాకిషన్ మొఖం మాడిపొయ్యింది. "వారీ, వాడు ప్రేమతోని ఇచ్చిండురా! వచ్చే ఐతారం పోతున్న, వానికేం మొఖం చూపియ్యాలె?" అన్నడు. నేను ఛాతి గుద్దుకొని, "గింతదానికేనా? మా వదిన ఒక్క పూటల అల్లుతది" అన్న. అన్నంక నాలిక కర్సుకున్న. ఏ చేత్తోని అల్లుతది? వాడు నేల చూపులు చూసిండు. గా సిగ్గు కప్పుకోను, "నేనే అల్లుతరా! లచ్చ సంచులు కుట్టిన చెయ్యి, గా కొక్కెం సూది ఒక లెక్కనా?" అన్న.

సూదులు, ఊలు వదిన మంచం కింది డబ్బల ఉండె. వెల్తురు సుత గా అర్రలనే. ఆమె ముంగటనే కూసున్న. ఆమె అల్లంగ చూసిన గదా, వస్తదనుకున్న. ఊలును సంచులు కుట్టే సుతిలి గుంజినట్టు గుంజితె రెండుసార్లు పుటుక్కుమన్నది. మల్ల మొదలు వెట్టిన. బంతి అంటే ముందు గిన్నె లెక్క రావాలె. నేను సుట్టు సుట్టుకు కుట్లు పెంచుకుంట పొయ్యిన, గది గిన్నె కాలె, గోబిగడ్డ ఆకోలె అంచులు లేసినయ్. అన్న వచ్చి చూసి "ఏందిరా, పాపడా?" అన్నడు. ఇప్పేసి, కుట్లు పెంచుడు బంద్ జేసిన. వేలికి తొడుక్కునే టోపీ వచ్చింది. వదిన కండ్లు నా చేతుల మీదనే ఉన్నయ్. ఎడమ చెయ్యి దుప్పటి మీద గెలుకుతున్నది. నాకేం తెలుసు, చీమ కుట్టిందేమో అనుకున్న.

నాలుగో దినానికి ఒక ఆకారం వచ్చింది. లోపలేం నింపాలె? పసుపు కొమ్ములు మెరుగు పెట్టినప్పుడు రాలే పొడి, ముక్కలు మార్కెట్ల కావల్సినంత. దండిగ కూరిన. మూతి దబ్బనంతోనే కుట్టిన, గది నా హునరు గదా. లుంగీ ఎగ్గట్టి, "జూడు వదినా, ఎట్లున్నదో!" అని పాదం మీద వేసి తన్నిన. రెండు తన్నులు తన్నిన. నా అల్లికల సందులు గవ్వలంత ఉన్నయని గప్పుడు తెలిసింది. మూడో తన్నుకు బుస్సుమని పసుపు లేసింది సూడు, అర్ర అంత దుమ్ము! బంతి పొయ్యి వదిన ఒళ్లె పడి పగిలింది. తెల్ల దుప్పటి పసుపు, వదిన ముక్కు పసుపు, మోకాళ్ల దాక నేను పెండ్లికొడుకును. వదిన ముక్కు తుడుసుకోలె. పెదిమలు అదిరినయ్, అటు పొయ్యినయ్, ఇటు పొయ్యినయ్. "గా... గాడిది!" అన్నది.

బయట మొఖం కడుక్కుంటున్న అన్న సబ్బు నురగతోనే ఉరికొచ్చిండు. "ఏమన్నది? ఏమన్నదిరా?" "నన్ను గాడిదన్నది అన్నా." మా అన్న గడప మీద కూలవడి, "మల్లొక్కసారి తిట్టు తారా! నీకు పున్నెముంటది, వాన్నే తిట్టు!" అని ఏడుస్తున్నడు. ఆమె అన్నను జూసింది, నన్ను జూసింది, ఒళ్లె పడ్డదాన్ని ఎడమ చేత్తోని లేపింది. "విప్పు" అన్నది. "మొత్తం."

ఇగ రెండు దినాలు నాకు నరకం. "లూజు." "గక్కడ కాదు." "తగ్గియ్యి." "పసుపెవడు పొయ్యుమన్నడు, మక్క గింజలు పొయ్యి." ప్రతి మాట వంకరనే. చూడవచ్చి నవ్వెటోళ్లంతా నన్ను జూసే నవ్విన్రు, ఆమె నోరు ఎవ్వలు చూడలె. ఐతారం నాటికి వంకాయోలె ఒకటి తయారైంది. గంగాకిషన్ అటిటు తిప్పి చూసి, మంచోడు, జేబుల వేసుకొని పొయ్యిండు.

మా అన్న ఊరుకున్నడా? మార్కెట్ల ప్రతి దుకానం ముంగట, "మా తమ్ముడు కావాల్నని తప్పు అల్లిండు! వదినతోని మాట్లాడియ్యాలని! ఏం దిమాగు!" సేటు పిలిచి చాయ్ పోసిండు. పెద్దమనుషులు భుజం తట్టిన్రు. నేను కాదన్ననా? తల వంచుకొని, "ఏదో మన వదిన గదా" అన్న. ఏడేండ్లు గా ఇజ్జత్ మీదనే బతికిన అల్లుడా. మా అన్న చిన్న పని వడ్డా "భూమేశ్‌ను అడగండి, దిమాగున్నోడు" అంటుండె.

వదినకు చెయ్యి మాత్రం మల్ల రాలె. మల్ల అల్లలె ఆమె. నోరు ఆగలె. తొంభై ఆరుల పానం మల్ల బాగలేకుండైతె, ఓనాడు అందర్ని బయటికి పంపి నన్ను ఉండుమన్నది. "భూమేశూ, నిజం జెప్పు. గప్పుడు కావాల్ననే చేసినవా?" చూసిన ఆమె మొఖం. ఔనంటే ఎంత సంబురపడుతదో అనిపించింది. "ఔ వదినా. నీ కోసమే" అన్న. ఎడమ దిక్కు పెదిమ నవ్వింది. "అబద్ధం సుత అల్లరాదురా నీకు" అన్నది. "నీకు నిజంగనే రాలె. నేను చూస్తలేనా? నాలుగు దినాలు కడుపుల మండింది నాకు." ఎడమ చేత్తోని నా చెయ్యి పట్టి, "మీ అన్నకు చెప్పకు" అన్నది.

చెప్పలె. వదిన పొయ్యింది, తర్వాత అన్న సుత పొయ్యిండు... చెప్పనే లేదు.

...అగో, కరెంటు వచ్చినట్టున్నది. జర గా మోటర్ స్విచ్ వెయ్యిపో అల్లుడా, టాంకి ఖాళీ ఉన్నది.