వెనక్కి వాల్చిన సీటు

కెంటకీ కొండల మధ్య ఒక చిన్న కాలేజీ. నవంబరు సాయంత్రం, మసక చీకటి పడుతోంది. పార్కింగులో ఆగిన పాత ట్రక్కులో తల్లి. కాలేజీ లోపల్నుంచి అప్పుడే వచ్చి పక్కన కూర్చుంది హైస్కూలు చదివే కూతురు.

"తలుపు గట్టిగా లాగు. సగమే పడింది."

"పడిందమ్మా. నువ్వెందుకు లేచావు? ఇంకా టైముంది కదా."

"టైముంటే నువ్వెందుకు వచ్చావు?"

"తొందరగా వదిలేసింది."

"ఎవరు?"

"ఎవరేంటి? హాల్కమ్ టీచరు."

"ఏం చెప్పిందివాళ?"

"ఏదో... జ్ఞాపకశక్తి గురించి. మనిషి ఏం గుర్తుపెట్టుకుంటాడు, ఏం మరిచిపోతాడు, అలాంటివి."

"మీ తాతని పంపాల్సింది ఈ క్లాసుకి. మాత్ర వేసుకుని, వేసుకోలేదని పక్కింటి ఓపల్ పెద్దమ్మ మీద ఎగురుతుంటాడు."

"ఫోన్ చేసిందా పెద్దమ్మ?"

"లేదు. చెయ్యలేదంటే గొడవలేనట్టే. క్లాసుకి ఎవరెవరొచ్చారు?"

"అందరూ."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరూ. ఏంటమ్మా, నన్నేమైనా స్టేషన్‌కి తీసుకొచ్చారా?"

"బాత్రూముకని లోపలికెళ్లాను, లేసీ."

"ఎప్పుడు?"

"ఇందాకే. వెళ్లినదాన్ని ఊరుకోక, నీ క్లాసు ఒకసారి చూద్దామనిపించింది. ఎప్పుడూ చూడలేదు కదా. తలుపు అద్దంలోంచి తొంగిచూసి వచ్చేద్దామని."

"ఏ గదికెళ్లావు?"

"మొదటి రోజు నువ్వు చూపించిన గదికే. చీకటిగా ఉంది. కుర్చీలన్నీ ఎత్తి బల్లల మీద బోర్లించారు. ఊడ్చే ఆయన్ని అడిగితే, ఈ గదిలోకి ఎవరూ రాక చాలా రోజులైందమ్మా అన్నాడు."

"గది మార్చారేమో."

"మార్చారేమోనా? వెళ్లేది నువ్వు. నన్నడుగుతావా?"

"అమ్మా, ఇంటికెళ్దాం పద. దార్లో చెప్తా."

"దార్లో లారీల చప్పుడుకి నాకేం వినపడదు. ఇక్కడే చెప్పు. ఎవడైనా అబ్బాయా?"

"అబ్బాయా? ఈ వేళకి ఇక్కడ ఆ ఊడ్చే ఆయన తప్ప మగవాడే కనపడడు."

"నవ్వించకు. నాకు నవ్వే ఓపిక లేదు. మానేశావా?"

"మానెయ్యలేదు."

"మానేస్తే మానేశానని చెప్పు. కొట్టను. మన ఊరి డ్వైట్ కూతురు చేసిన పని మాత్రం చెయ్యకు. అదీ నీలాగే స్కూల్లో ఉండగానే కాలేజీ క్లాసులో చేరింది. వెళ్లడం ఆపేస్తే మానేసినట్టేనని కూర్చుంది. పేరు అక్కడే ఉండిపోయింది, ఫెయిలని ఎఫ్ పడింది. స్కూలు పిల్ల కదా అని ఎవరూ దాన్ని చెరిపెయ్యలేదు. అసలు కాలేజీకి వెళ్లిననాడు ఆ ఎఫ్ తీసి ముందు పెట్టి, ఫీజు సాయం ఆపేశారు. ఇప్పుడు పెట్రోలు బంకులో కాఫీలు పోస్తోంది."

"తెలుసమ్మా. పోయినసారి నాక్కూడా పోసింది."

"తెలిసీ?"

"నాకు ఎఫ్ రాలేదు. ఏ గ్రేడు వచ్చింది."

"ఏ?"

"ఏ. ఇదిగో ఫోను, నువ్వే చూడు."

"ఇదేంటి, ఆదివారం పరీక్ష పెట్టారా? ఆదివారం కాలేజీ ఉండదుగా."

"క్లాసు కంప్యూటర్లోకి మారిందమ్మా. హాల్కమ్ టీచరుకి మోకాలి ఆపరేషనైంది. ఆవిడ ఇంట్లోంచి చెప్తుంది, మేం వింటాం. క్రెడిట్లు ఎప్పటిలాగే వస్తాయి. రేపు కాలేజీలో చేరాక ఈ సబ్జెక్టు మళ్లీ చదవక్కర్లేదు. ఏం మారలేదు."

"ఎక్కణ్ణుంచి వింటారు?"

"ఎవరిష్టం వాళ్లది."

"ఇంట్లోంచీ వినొచ్చా?"

"ఆ."

"మనింట్లోంచి?"

"ఆ, అమ్మా."

"మరి నేనెందుకు వస్తున్నాను? ముసలాళ్ల హోమ్‌లో డ్యూటీ దిగి, ఆ యూనిఫాం కూడా మార్చుకోకుండా, నిన్నొక్కదాన్నీ ఆ బొగ్గు లారీల దార్లో పంపలేక వస్తున్నానే నేను. అక్కడ ఓపల్ పెద్దమ్మ చర్చిలో ఆడవాళ్ల కూటం మానుకుని మీ తాత తిట్లు తింటోంది. పిల్ల చదువు కదా, వెళ్లిరా వాండా అంటుంది వెళ్లినప్పుడల్లా. ఆవిడ మొహం ఎలా చూడను?"

"అదే కదమ్మా."

"ఏది అదే?"

"నా చదువంటే ఆవిడ కూర్చుంటుంది. నా చదువుకైతే నువ్వు అడుగుతావు. నీకోసం ఎప్పుడైనా అడిగావా? పెద్దమ్మా, కాసేపు నాన్నని చూస్తుండు, నేను పడుకుంటాను అని?"

"పడుకోవడానికి పక్కింటావిణ్ణి పిలుస్తారా ఎవరైనా? ఊరు నవ్వదూ?"

"చూశావా మరి."

"ఏం చూడను? నేను ఇంట్లో పడుకోవట్లేదా?"

"తాత దగ్గితే లేస్తావు. దగ్గకపోతే, ఎందుకు దగ్గలేదా అని లేస్తావు. పోయినవారం పొయ్యి ముందు నిలబడే కునికావు. గరిటె చేతిలోంచి నేనే తీశా, నీకు తెలీదు."

"అది... ఆ రోజు డ్యూటీ ఎక్కువైంది."

"ఇక్కడైతే నేను దిగీదిగకముందే నిద్రపోతావు. నోరు తెరుచుకుని."

"నోరు తెరుస్తానా?"

"తెరుస్తావు. నేను లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుంటా. మన ట్రక్కు కనపడుతుంది అక్కడికి. నువ్వు సీటు వెనక్కి వాల్చాక పాఠం పెట్టుకుంటా. ఇవాళ చూస్తే ట్రక్కు లోపల లైటు వెలుగుతోంది. తాతకేమైనా అయిందేమోనని పరిగెత్తుకొచ్చా."

"అబద్ధం చెప్పావు కదే నాకు."

"చెప్పా."

"ఓపల్ పెద్దమ్మకీ."

"ఆవిడకి అబద్ధమేం లేదు. నేను చదువుతూనే ఉన్నాగా. ఎక్కడ కూర్చుని చదువుతున్నావని ఆవిడ అడగలేదు."

"లాయరు చదువు చదువు, సరిపోతుంది నీకు."

"రేపు పెద్దమ్మకి చెప్పేస్తావా?"

"పాఠం సగంలో వదిలేసి వచ్చావా ఇప్పుడు?"

"ఆ. తర్వాత మళ్లీ వినొచ్చులే."

"వద్దు. సగం సగం వింటే ఆ ఏ గ్రేడు ఉంటుందా? క్లాసు ఇంకా ఎంతసేపుంది?"

"ముప్పావు గంట."

"అయితే వెళ్లు. వెళ్తూ ఆ లైటు ఆర్పేసి వెళ్లు."