డబ్బాకి డ్రిల్లు నేర్పిన మాస్టారు

డ్రిల్లు మాస్టారికి గడ్డం గీయడం నా పనితనానికే పరీక్ష. కుర్చీలో కూర్చోగానే నోరు తెరుస్తారు, ముఖం నిండా నురగ పూసినా మూయరు. పై పెదవి మీద కత్తి ఆనినప్పుడు మాత్రం ఆపుతారు, అదీ ప్రాణభయంతో. రిటైరయ్యాక బడి మైదానం పోయింది కాబట్టి మా సెలూనే ఆయనకి మైదానం, ఇక్కడ కూర్చున్నవాళ్ళందరం పిల్లలం. ఆ రోజు బెంచీ మీద వాళ్ళ వంతు కోసం బస్సు కండక్టరూ, మందుల షాపాయనా ఎదురుచూస్తున్నారు.

"అమ్మగారి మోకాలు ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగాను. ఊరికే ఉండక అడిగాను, నాదే తప్పు.

"దాని గురించి ఇక బెంగే లేదోయ్. బాత్రూములో జారిపడి మోకాలి చిప్ప చిట్లింది కదా, అది అతుక్కునేదాకా ఆ కాలి మీద బరువు పడకూడదు, కుర్చీలోంచి లేవనివ్వకండి అన్నాడు డాక్టరు. నేను ఆస్పత్రి మంచం పక్కనే నిలబడి మా ఆవిడకి మాటిచ్చాను. 'ఏమే, మనింట్లో ఇక లైటు వేయడానికి కూడా నువ్వు లేవక్కర్లేదు, పూచీ నాది' అన్నాను. మా అమ్మాయి ఏం చేసిందీ, పౌడరు డబ్బా అంత డబ్బా ఒకటి తెచ్చి అలమారలో పెట్టి, లైట్లకీ ఫ్యానుకీ ఏవో తగిలించి, 'నాన్నా, పేరు పెట్టి పిలిచి ఏం కావాలో చెప్పు, అదే చేస్తుంది' అని ఊరెళ్ళిపోయింది. నేను చెప్తే వినని పిల్లాడు ఈ ఊళ్ళో ఉన్నాడా? డబ్బా ఎంత?"

"విందా?" అన్నాడు కండక్టరు.

"వినడమా! లైటు వెయ్యమంటే పాట పాడింది. పాట ఆపమంటే ఇంకెక్కడిదో ఊరు పేరు చెప్పి అక్కడ వాన పడుతుందంది. టీవీలో ఎవడో ఏదో అంటే వాడికి జవాబిస్తుంది, ఎదురుగా నిలబడి అరుస్తున్న నాకు ఇవ్వదు. పోనీ అని జేబులోంచి ఫోను తీసి, డాక్టరుకి కలపమని ఆ ఫోనుకే చెప్పాను. అది మా పాత హెడ్మాస్టరుకి కలిపింది! ఆయనకీ నాకూ మాటల్లేక ఎన్నేళ్ళయిందో మీ అందరికీ తెలుసు. ఆయన హలో అన్నాడు, నేను హలో అన్నాను, ఇద్దరం పెట్టేశాం. మా అమ్మాయి మాత్రం ఫోన్లోంచి ఆ డబ్బాని ముద్దుగా పిలిస్తే చాలు, ఇల్లంతా వెలిగిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయింది."

"ఆయన మాట నెమ్మదిగా చెప్తారు కాబోలు," అన్నాడు మందుల షాపాయన కండక్టరుతో.

"నెమ్మది కాదయ్యా, పద్ధతి! డ్రిల్లులో ఆజ్ఞ రెండు ముక్కలు. మొదటి ముక్క చెవికి, రెండో ముక్క కాలికి. 'అటెన్...' అంటాం, ఆగుతాం. ఆ ఆగడంలోనే ఉంది విద్యంతా. పిల్లాడు ఊపిరి బిగబట్టాలి, వెన్ను నిటారుగా కావాలి, అప్పుడు 'షన్!' అంటే మైదానమంతా ఒకే కాలు. అలాగే నేను 'హాల్లో లైటు...' అని ఆగాను. ఆగేసరికి ఆ డబ్బా 'క్షమించండి, నాకు అర్థం కాలేదు' అంది. నేను పూర్తి చేయందే దానికి అర్థం కాకపోవడమేంటి? మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే మాట. 'ఆగకుండా ఒక్క బిగిన చెప్పు నాన్నా' అని మా అమ్మాయి ఫోన్లో బతిమాలింది. చస్తే చెప్పను అన్నాను. నా మైదానంలో పిల్లలు నా కోసం ఆగారు గానీ నేను పిల్లల కోసం మారలేదు."

"మీరే లేచి స్విచ్చి వేసేస్తే పోయేది కదా మాస్టారూ?" అన్నాను బుగ్గ మీద కత్తి లాగుతూ.

"నేను వేస్తే అది నాకు లొంగినట్టు ఎలా అవుతుందోయ్? నేను బజారుకెళ్తే మీ అమ్మగారు దాంతోనే కదా వేగాలి. నా దగ్గర దారికొస్తే ఆవిడ దగ్గర అణిగిమణిగి ఉంటుంది. అందుకని పట్టు పట్టాను. పొద్దున్నే బూట్లు వేసుకుని దాని ముందు నిలబడ్డం, మధ్యాహ్నం భోజనం కాగానే మళ్ళీ నిలబడ్డం. గొంతు బొంగురుపోయింది, మిరియాలు నమిలాను. మా ఆవిడ కుర్చీలోంచి చూసి చూసి, 'పోనిద్దురూ, పాపం అది చిన్నది' అంది. చిన్నది కాబట్టే ఇప్పుడు వంచాలి అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"లైటు వెలిగింది," అన్నాడు కండక్టరు ఆవలిస్తూ.

"నువ్వు చెప్పేస్తే నేనెందుకు ఇక్కడ? విను. ఒకరోజు భోజనమయ్యాక బజారుకెళ్ళొచ్చి దాని ముందు నిలబడ్డాను. ఛాతీ ముందుకి, గడ్డం పైకి, చూపు ఎదురుగా గోడ మీద. 'హాల్లో లైటు...' అని ఆగాను. మారుమాట లేదు! క్షమించండి లేదు, అర్థం కాలేదు లేదు. దాని నెత్తిన మెరిసే నీలం దీపం కూడా సిగ్గుతో ఆర్పేసుకుంది. ఇంకా ఆగాను. చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది ఇల్లు. అప్పుడు 'ఆన్!' అన్నాను. టక్కున వెలిగింది! వెంటనే వెనక్కి తిరగలేదు, డిస్మిస్ చెప్పేదాకా చూపు కదపకూడదు. అన్నీ అయ్యాక తిరిగి చూస్తే మా ఆవిడ కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడుతోంది, ముఖమంతా చెమట. అదీ నా గొంతంటే. ఆ రోజు నుంచీ ఆ డబ్బా నోరెత్తితే ఒట్టు."

మందుల షాపాయన ఏదో గుర్తొచ్చినట్టు, "మరి మోకాలి వాపు మాత్రలు మీ బావమరిది మళ్ళీ వచ్చి తీసుకెళ్ళాడే?" అన్నాడు.

"అవి ముందుజాగ్రత్తకి. మధ్యలో మందుల గొడవ ఎందుకయ్యా, అసలు సంగతి ఇప్పుడే మొదలవుతుంటే! లైటు లొంగాక ఫ్యాను లొంగింది. ఫ్యాను చూసి టీవీ. నేను ఎవరికీ చెప్పలేదు, వాటిలో అవే చెప్పుకున్నట్టున్నాయి. ఒకరోజు 'క్విక్ మార్చ్' అన్నానో లేదో, బట్టలుతికే యంత్రం వెనకాల పెరట్లోంచి లెఫ్ట్ రైట్, లెఫ్ట్ రైట్ అంటూ హాల్లోకి నడిచొచ్చింది."

"మాదీ నడుస్తుంది మాస్టారూ, కింద నేల ఎత్తుపల్లాలుగా ఉంటే," అన్నాడు కండక్టరు.

"మీది నడుస్తుందేమో, సెల్యూట్ చేస్తుందా? మూత పైకెత్తి చేసింది! దాని వెనక ఫ్రిజ్జు తలుపు తెరుచుకుని నిలబడింది. 'అందరూ ఎవరి చోటికి వాళ్ళు' అన్నాకే కదిలాయి. అక్కడితో అయిపోయిందా? నా గొంతు గోడ దాటింది. పై వాటాల వాళ్ళ లైట్లు నా మాటకి వెలగడం, నా మాటకి ఆరడం. పాపం వాళ్ళు చీకట్లో గిన్నెలో చెయ్యి పెట్టి కూరకి బదులు మంచినీళ్ళు కలుపుకున్నారట. లిఫ్టయితే కిందికి దిగి మా గుమ్మానికి ఎదురుగా తలుపు తీసుకుని నిలబడింది."

"మీరుండేది కింది వాటాలోనే కదా, లిఫ్టుతో ఏం పని?" అన్నాడు మందుల షాపాయన.

"అదే నేనూ అడిగాను దాన్ని! ఊరికే, హాజరు వేయించుకోవడానికి వచ్చిందట."

నాకు నవ్వొచ్చి చెయ్యి కదిలింది. చెవి కింద చిన్న గాటు పడింది. ఇంకొకరైతే కేకలు వేసేవాళ్ళు, ఆయనకి తెలియనే లేదు. పటిక రాస్తుంటే కూడా ఆగలేదు.

"మొన్న నాలుగురోడ్ల కూడలి దగ్గర నిలబడి, దాటుదామంటే ఒక్క బండీ ఆగదు. విసుగొచ్చి 'హాల్ట్' అన్నాను. నాలుగు వైపులా ఎర్రదీపాలే! బస్సులు, లారీలు, సైకిళ్ళు, అన్నీ నిలబడ్డాయి. గడియారం స్తంభం మీద ముల్లు కూడా ఆగిపోయింది. నేను అవతలికి వెళ్ళి, బెండకాయలు కొనుక్కుని, ముదురువని మార్పించుకుని, తిరిగొచ్చి 'మార్చ్' అనేదాకా ఊరు ఊరంతా అలాగే ఉంది. ఏమయ్యా కండక్టరూ, మొన్న మీ బస్సు ఆగిందా లేదా?"

"ఆగింది, టైరు పేలి."

"ఎందుకు పేలిందంటావ్? గబుక్కున ఆగమంటే ఏ టైరు తట్టుకుంటుంది? సరే, అది చిన్న విషయం. డబ్బాలు తయారుచేసే కంపెనీ పెద్దాయనే నాకు ఫోను చేశాడు. 'మాస్టారూ, ప్రపంచంలో ఉన్న మా డబ్బాలన్నీ పొద్దున్నే లేచి మీ గొంతు కోసం చెవులు నిక్కబొడుచుకుని కూర్చుంటున్నాయి, సొంతవాళ్ళ మాట వినడం మానేశాయి, దయచేసి కాస్త చిన్నగా మాట్లాడండి' అని ఏడ్చాడు. చూద్దాంలే అన్నాను. ఇక నిన్న సాయంత్రం..."

ఇంతలో తలుపు తోసుకుని మాస్టారి బావమరిది వచ్చాడు, అమ్మగారి సొంత తమ్ముడు. చేతిలో ఆస్పత్రి సంచీ. బావని పిలవబోయి, ముఖాన నురగ చూసి గుమ్మం దగ్గరే ఆగాడు.

"రారా, సమయానికి వచ్చావ్! వీళ్ళు నన్ను నమ్మడం లేదు, సాక్షివి నువ్వే. విన్నారా, నిన్న సాయంత్రం మేడ మీదికెళ్ళాను. చుక్కలు ఒకటొకటే వస్తున్నాయి, ఒక వరుసా పాడూ లేదు. చూడలేక 'రైట్ డ్రెస్' అన్నాను. అన్నీ చేతులు చాచి దూరం కొలుచుకుని వరుసలో నిలబడ్డాయి. చందమామ ఒక్కడే పక్కకి తప్పుకుని ఉన్నాడు. 'ఏమోయ్ గుండూ, నీకు వేరే చెప్పాలా?' అన్నాను. ఒక్క అడుగు కుడికి జరిగాడు! చెప్పరా, జరిగాడా లేదా?"

బావమరిది సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"చందమామ సంగతి పోనీ, నువ్వు చూడలేదు. డబ్బా సంగతి చెప్పు. నా ఒక్క మాటకి లైటు వెలుగుతుందా లేదా? మా ఇంట్లోనే కూర్చుని చూశావు కదా?"

"వద్దులే బావా. గడ్డం కానివ్వు, ఇంటికెళ్దాం."

"వద్దేంటిరా? వీళ్ళ ముందు నా పరువు తీస్తావా? వెలుగుతుందా లేదా, ఒక్క ముక్క చెప్పు!"

"వెలుగుతుంది బావా. ఎందుకు వెలుగుతుందో కూడా చెప్పమంటావా?" అతని గొంతులో కోపం ఒక్కసారిగా పైకొచ్చింది. "ఆ డబ్బా వైరు అక్క ఎప్పుడో పీకించేసింది. మధ్యాహ్నం తను కునుకు తీస్తే చాలు, టీవీతో కబుర్లు పెట్టుకుంటోందని నా చేతే పీకించింది. అలమార వెనకాల వైరు వేలాడుతూనే ఉంది, నువ్వు ఏనాడైనా వంగి చూశావా? నువ్వు గోడకేసి చూస్తూ 'హాల్లో లైటు' అని ఆగుతావే, ఆ ఆగినంతసేపట్లో అక్క కర్ర పట్టుకుని లేచి స్విచ్చి దాకా నడుస్తుంది. నువ్వు 'ఆన్' అనగానే నొక్కి, నువ్వు డిస్మిస్ చెప్పేలోపు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు అక్కని ఆస్పత్రి నుంచి తెచ్చి ఇంట్లో దింపి వస్తున్నాను. చిప్ప అతుక్కోలేదు, పక్కకి జరిగింది. ఇంకోసారి ఆ కాలు మోపితే మోకాలు కోయాల్సిందేనన్నాడు డాక్టరు."

కండక్టరు నోట్లో నవ్వు అక్కడే ఉండిపోయింది. నేను కత్తి పక్కన పెట్టేశాను. అంత గట్టి మనిషి ముఖం నా చేతుల కిందే చిన్నదైపోతుంటే చూడలేకపోయాను. అద్దంలో నాకూ ఆయనకీ చూపు కలిసింది, ఇద్దరం తిప్పేసుకున్నాం.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా అది," అన్నారు మాస్టారు చివరికి.

"నేనూ అడిగాను. 'బడి వదిలాక ఆయన మాట విన్నవాళ్ళు ఎవరున్నార్రా? ఈ నాలుగు అడుగులు వేస్తే నాకేం పోతుంది, నువ్వు చెప్పావంటే ఊరుకోను' అంది. ఇప్పుడు నేను చెప్పేశాను. ఇంటికెళ్ళాక నా సంగతి చూస్తుంది."

మాస్టారు భుజాల మీది గుడ్డ తీసి మడతపెట్టి కుర్చీ మీద పెట్టారు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ ఆరిపోతోంది. తువ్వాలు ఇవ్వబోయాను, అందుకోలేదు. చెప్పులు వెతుక్కుని తొడుక్కున్నారు.

"నువ్వు చెప్పావని నేను అనను. నాకు తెలిసిపోయిందని దానికి తెలియకూడదు, తెలిస్తే చిన్నబుచ్చుకుంటుంది," అన్నారు బావమరిదితో. అప్పటిదాకా వీధి చివరికి వినబడిన మనిషి, పక్కనున్న నాకే చెవి ఒగ్గితే గానీ వినపడనంత చిన్నగా అన్నారు. "నాకు గొంతు పోయిందని చెప్పు. పొద్దున్నే పూడుకుపోయిందని, ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడని డాక్టరు పేరు చెప్పు. నోరు లేనివాణ్ణి కదా, ఇక లైట్లూ ఫ్యానూ లేచి నేనే వేసుకోవాలి. నమ్ముతుంది."

"ఎన్నాళ్ళు మాస్టారూ?" అన్నాను ఉండబట్టలేక.

ఆయన నోటి మీద వేలు అడ్డంగా పెట్టి, సగం గడ్డంతోనే వీధిలోకి దిగి, ఇంటివైపు గబగబా నడిచారు.