జాంబియా అడవిలో తిమ్మప్ప

(దోహా, 1996. ఐన్ ఖాలిద్‌లో టెలిఫోన్ బూత్ పక్కన ఆపిన కారు. డ్రైవర్ దస్తగిరి, అదే కఫీలు (వీసా ఇచ్చిన అరబ్బు యజమాని) ఇంట్లో వంటపని చేసే అంకాలమ్మ.)

"మీ ఊరి అంగడాయన ఏమన్నాడమ్మా?"

"మా అత్తను పిలుచుకొస్తాడంట. కాసేపాగి మళ్లీ చెయ్యమన్నాడు. దస్తగిరన్నా, ఆయమ్మకు నేనేం చెప్పల్ల? నా మొగుడు ఎట్ల చచ్చిపోయినాడో నాకే తెలీదే!"

"చెప్పినా గదా. జాంబియా అడవిలో మృగం మీద పడింది."

"ఏ మృగం?"

"అడవి మృగం. ఆఫ్రికా అంటే అన్నీ ఉంటాయి చెల్లెమ్మా. పెప్సీ తేనా? పొద్దున్నుంచి ఏం తాగలేదు నువ్వు."

"నాకేం వద్దు. జీపులో ఉండేవాళ్ల మీద ఎట్ల పడింది?"

"జీపు గాదు, నడక. మన కఫీలుకు అదే గదా పిచ్చి, అడవిలో కాలినడకన పోయి మృగాలను చూసేది. ముందర తుపాకీతో గైడు. ఎనక కఫీలు, ఆయన పిల్లోళ్లు. గావా కాఫీ ఫ్లాస్కు మోసుకొని మీ తిమ్మప్ప. కడాన నేను. వరస తప్పగూడదు, నోరు తెరవగూడదు. గైడు చెయ్యెత్తితే యాడోళ్లాడ నిలబడాల."

"ఆయప్ప నిలబడలేదా?"

"నిలబడినాడు."

"నా మొగం చూసి చెప్పు."

"నిలబడినాడమ్మా! నిలబడి... పిలిచినాడు."

"ఎవరిని?"

"వద్దులే."

"ఎవరిని పిలిచినాడన్నా?"

"ఎనుపోతును. అడవిదున్న, గడ్డిలో ఒంటిగా ఉండాది. గైడు చెయ్యెత్తినాడు. మేమందరం యాడోళ్లాడ నిలబడినాం. ఈయప్ప మాత్రం నవ్వతాండాడు. 'దస్తగిరీ, ఎనుము! మన ఎనుమే!' అంటాడు. వద్దు వద్దని చొక్కా పట్టుకొని లాగినా. యాడ వింటాడు? బా... బా... అని పిలుచుకుంటా ముందుకు పోయినాడు."

"అట్లే పిలుస్తాడు. ఇంటికాడ అట్లే పిలుస్తాడు."

"గైడు తుపాకీ కాల్చేలోపల..."

"చాలన్నా."

"ఏడువు తల్లీ. ఏడువు."

"ఎనుమును చూసి ఎన్నాళ్లాయనో పాపం. ఈడ యాడుంటాయి? దావలో ఒంటె కనపడినా కారు ఆపమని నీ పానం తీస్తాండె గదా... భయపడినాడా?"

"లేదు. అల్లా తోడు, భయపడేకి టైమే లేదు. సంబరంగా ఉన్నాడు."

"సంబరంగా..."

"అత్తమ్మ వచ్చింటాది. నువ్వు మాట్లాడలేవు, నేనే చెప్తాలే. ఇంక దాచను. ఎనుపోతు సంగతి, ఆయప్ప పిలిచింది, అంతా ఉన్నదున్నట్ల చెప్తా."

"వద్దన్నా! సింహం అని చెప్పు. ఇంటికాడ మొన్ననే ఎనుము ఈనిందంట. పొద్దున లేస్తానే దాని కడుపుకు తలానించి పాలు పిండుకోవల్ల గదా మా అత్త."