అక్క తీసిన సీనరీలు

పెళ్లికి వెళ్తూ దారిలో కారు ఆపారు. మరుగుదొడ్ల ముందున్న బెంచీ మీద బావా బావమరుదులు కూర్చున్నారు. బావమరిది చేతిలో చనిపోయిన అక్క ఫోను ఉంది.

"మార్చి తొమ్మిది. ఆ రోజు దారంతా పుచ్చకాయ తిన్నాం. అక్కకి ఫోటోల పిచ్చి అప్పుడే పట్టింది, బావా."

"గుర్తుంది."

"సీనరీ అని కారాపించి ఏం తీసిందో చూడు. చెత్తకుండీ, కరెంటు స్తంభం, కుంటికుక్క. ఎక్కడికెళ్లినా ఇదే వరస. రేపు పెళ్లింట్లో గోడ మీద వేసి చూపిస్తా. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు."

"వద్దురా."

"ఏం? బతికుండగా అక్కే నవ్వేదిగా."

"పోయాక దాన్ని పిచ్చిదాన్ని చెయ్యకు. అవి నా కోసం తీసింది."

"నీకు చెత్తకుండీలంటే అంత ఇష్టమా?"

"నేను గంటగంటకీ ఒంటేలుకి వెళ్లాలిరా, వెధవా! మీ అందరి ముందు ఆపమనడానికి సిగ్గు. నా మోకాలు ఊగడం చూసి, 'ఆపండి, సీనరీ బాగుంది' అనేది. నేను వెళ్లొచ్చేదాకా ఏదో ఒకటి తీస్తూ నిలబడేది."

బావమరిది ఫోనులోని కుక్కను చాలాసేపు చూశాడు.

"అక్కని ఎన్ని మాటలన్నాం, బావా!"

"అన్నారు. అది ఒక్కసారీ నా పేరు చెప్పలేదు."

"మరి వెళ్లవేం? మోకాలు ఊగుతోంది."

"ఇందాకే వెళ్లొచ్చాను. కారులోంచి మీ ఆవిడ చూస్తోంది."

ఇంతలో కారు హారన్ గట్టిగా మోగింది. బావమరిది లేచి, ఎదురుగా ఆగి ఉన్న సిమెంటు లారీ వైపు ఫోను ఎత్తాడు.

"ఉండవే, సీనరీ బాగుంది!" అని అరిచాడు.

అతని వెనకాల, బావ చప్పుడు కాకుండా మరుగుదొడ్డి తలుపు వేసుకున్నాడు.